అటైన్‌మెంట్ 2.1: ఎంబీఏలో నేర్చుకున్నదాన్ని ఎలా కొలుస్తున్నాం?

కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ బృందం వస్తోందని తెలియగానే మేనేజ్‌మెంట్ కాలేజీలో పాఠాలు కాస్త వెనక్కి జరిగి ఎక్సెల్ షీట్లు ముందుకొస్తాయి. ప్రతి సబ్జెక్టుకూ ఒక కోర్సు ఫైలు, అందులో సీఓలు, పీఓలు, వాటి మధ్య మ్యాపింగ్, చివర్లో వాటిని ఎంతవరకు అందుకున్నారో చెప్పే అటైన్‌మెంట్. సబ్జెక్టు పూర్తయ్యేసరికి విద్యార్థి ఏం చేయగలగాలో చెప్పేవి సీఓలు. రెండేళ్ల ఎంబీఏ ముగిసేసరికి ఏం చేయగలగాలో చెప్పేవి పీఓలు. ఇన్ని షీట్లూ కలిసి చివరికి తేల్చేది ఒక్క అంకె: మూడుకి 2.1 అనో, 1.8 అనో. ఆ 2.1 దేన్ని కొలిచిందని అడిగితే మాత్రం ఫైలు రాసినవాళ్లే నీళ్లు నములుతారు.

మేనేజ్‌మెంట్ విద్యార్థి నిజంగా ఏం నేర్చుకున్నాడో తెలుసుకోవడం ఎలా అన్న ప్రశ్న మీద ప్రపంచమంతటా చాలా పని జరిగింది. మన దగ్గర ఆ పేరుతో జరుగుతున్నదాంట్లో ఎక్కువ భాగం, పరీక్షల్లో ఎలాగూ వచ్చిన మార్కులనే మరో రకం గళ్లలో సర్దడం. కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. ఈ పరిస్థితి ఎలా వచ్చిందో, దీనికి మించి ఎక్కడ ఏం జరిగిందో చూడటమే ఈ వ్యాసం పని.

1959లో అమెరికాలో రెండు నివేదికలు వచ్చాయి. ఒకటి ఫోర్డ్ ఫౌండేషన్ కోసం గోర్డన్, హోవెల్ రాసింది. రెండోది కార్నెగీ కార్పొరేషన్ కోసం పియర్సన్ రాసింది. బిజినెస్ స్కూళ్లలో చదువు పలచగా ఉంది, పరిశోధనా, గణితమూ పెరగాలి అన్నది రెండింటి సారాంశం. స్కూళ్లు ఆ మాట విన్నాయి. ఎంతగా విన్నాయంటే, 1988లో పోర్టర్, మెకిబిన్ మళ్లీ సర్వే చేసేనాటికి ఫిర్యాదు తలకిందులైంది. లెక్కలు బాగానే వస్తున్నాయి, మనుషులతో మెలగడం, మాట్లాడటం, రాయడం రావడం లేదన్నారు. ఈ వాదనలన్నీ ఏం నేర్పాలన్నదాని చుట్టూ తిరిగినవే. నేర్పింది అబ్బిందా లేదా అని చూసి రుజువు చూపాల్సిన అవసరం చాలాకాలం ఎవరికీ పడలేదు.

ఆ అవసరాన్ని ముందుకు తెచ్చింది ఏఏసీఎస్‌బీ. 1916లో పుట్టిన ఈ అక్రెడిటేషన్ సంస్థ 2003 ప్రమాణాల్లో ‘అష్యూరెన్స్ ఆఫ్ లెర్నింగ్’ అనే షరతు పెట్టింది. స్కూలు తన ఎంబీఏకు కొన్ని లక్ష్యాలు రాసుకోవాలి, విద్యార్థులు వాటిని అందుకున్నారో లేదో నేరుగా చూడాలి, తేలినదాన్ని బట్టి బోధనలో మార్పు చేయాలి. ఇందులో ఒక మాట మనవాళ్లు బాగా పట్టించుకోవలసింది. కోర్సు గ్రేడు దీనికి రుజువుగా చెల్లదు. గ్రేడులో హాజరు కలుస్తుంది, ఆలస్యంగా ఇచ్చిన అసైన్‌మెంటుకు కోత కలుస్తుంది, గ్రూపు మొత్తానికి పడిన మార్కు కలుస్తుంది. ఒక అమ్మాయికి మార్కెటింగ్‌లో ‘బి’ వచ్చిందంటే ఆమె నివేదిక బాగా రాస్తుందో లేదో దాన్నిబట్టి చెప్పలేం. హైదరాబాద్‌లో 2001లో తరగతులు మొదలుపెట్టిన ఐఎస్‌బీ 2011లో ఈ గుర్తింపు తెచ్చుకుంది కాబట్టి ఈ పద్ధతి మనకు మరీ దూరదేశపు సంగతేమీ కాదు.

మన మిగతా కాలేజీలకు ఇది మరో దారిలో వచ్చింది. దేశంలో ముందుగా ఎంబీఏ పెట్టిన విశ్వవిద్యాలయాల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒకటి, 1957లో. ఆనాటి నుంచి చదువు నాణ్యతకు కొలమానం యూనివర్సిటీ పరీక్షే. 1994లో సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ కింద ఎన్‌బీఏ ఏర్పడింది. 2014లో భారత్ ఇంజినీరింగ్ విద్యకు సంబంధించిన వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందింది. ఫలితాల ఆధారిత విద్య, అందరూ ఓబీఈ అనేది, దాంతోపాటే గట్టిగా నాటుకుంది. ఆ ఒప్పందం ఇంజినీరింగ్‌కు మాత్రమే. ఎంబీఏకు దాంతో పనిలేదు. కానీ గుర్తింపు ఇచ్చే సంస్థ ఒకటే కావడంతో సీఓ, పీఓ, మ్యాపింగ్ పట్టికల చట్రమంతా మేనేజ్‌మెంట్ విభాగాలకూ అలాగే దిగింది. బీమ్ ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టే సబ్జెక్టుకు అమరిన చట్రంలో, ఉద్యోగిని ఎలా మందలించాలో చెప్పే సబ్జెక్టు కూడా ఇమడాల్సి వచ్చింది.

ఎంబీఏకు పెట్టుకున్న పీఓలు అయిదు. సిద్ధాంతాలను వ్యాపార సమస్యలకు అన్వయించడం, సమాచారాన్ని బట్టి విశ్లేషించి నిర్ణయం తీసుకోవడం, విలువలతో కూడిన నాయకత్వం, వ్యాపారంలోని అంతర్జాతీయ, ఆర్థిక, చట్ట, నైతిక కోణాలు అర్థం చేసుకుని చెప్పగలగడం, బృందంలో పనిచేస్తూ తననూ ఇతరులనూ లక్ష్యం వైపు నడపడం. జాబితాలో తప్పేమీ లేదు. వీటికి అంకె ఎలా పడుతుందో చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ సబ్జెక్టు తీసుకుందాం. క్లాసులో 60 మంది. రెండు పెట్టుబడి ప్రతిపాదనల్లో ఏది లాభసాటో లెక్కగట్టి చెప్పగలగడం మూడో సీఓ అనుకుందాం. కాలేజీ తనకు తానే ఒక గీత గీసుకుంటుంది. 60 శాతం మార్కులు తెచ్చుకున్నవాళ్లు క్లాసులో 70 శాతం ఉంటే స్థాయి 3, 60 శాతం ఉంటే 2, 50 శాతం ఉంటే 1. మిడ్ పరీక్షలో ఏ ప్రశ్న ఏ సీఓదో పేపరు మీదే రాసి ఉంటుంది కనుక అక్కడ లెక్క తేలిపోతుంది. చిక్కంతా ఎండ్ సెమ్ దగ్గర. అనుబంధ కాలేజీల పేపర్లు దిద్దేది యూనివర్సిటీ. కాలేజీకి చేరేది మొత్తం మార్కు ఒక్కటే. మూడో ప్రశ్నకు ఎన్ని, ఏడో ప్రశ్నకు ఎన్ని అన్న వివరం రాదు. అందుకని ఆ మొత్తం మార్కునే అయిదు సీఓలకూ ఒకే తీరున అంటిస్తారు. డిస్కౌంటింగ్ లెక్కల్లో తప్పులు చేసి డివిడెండ్ సిద్ధాంతాలు గడగడా రాసిన కుర్రాడికీ, లెక్కలన్నీ చేసి సిద్ధాంతాలు వదిలేసినవాడికీ అన్ని సీఓల్లోనూ ఒకే ఫలితం.

ఆ తర్వాత మ్యాపింగ్. ఈ మూడో సీఓ నాలుగో పీఓకి, అంటే నైతిక కోణం కూడా ఉన్న పీఓకి, ఓ మోస్తరుగా తోడ్పడుతుందని సబ్జెక్టు చెప్పే మాస్టారు 2 వేశారనుకుందాం. సీఓ అటైన్‌మెంట్ 2.4 వచ్చింది. దాన్ని రెండుతో హెచ్చించి మూడుతో భాగిస్తే 1.6. అన్ని సబ్జెక్టుల నుంచీ ఇలా వచ్చినవాటిని సగటు కడితే నాలుగో పీఓ తేలుతుంది. ఇంతలో ఆ విద్యార్థిని నీతి గురించి ఎవరూ ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. నికర ప్రస్తుత విలువ లెక్కకు వచ్చిన మార్కే తిరిగి తిరిగి నైతిక అవగాహన అయింది. పైగా ఇక్కడి 1, 2, 3 అన్నవి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని చెప్పే వరుస గుర్తులు. వరుస గుర్తులను హెచ్చించి, భాగించి, రెండో దశాంశం దాకా తీస్తే బిజినెస్ స్టాటిస్టిక్స్ మాస్టారు తన క్లాసులో మార్కులు కోస్తారు. డిపార్ట్‌మెంట్ ఫైల్లో అదే పని చేసి పెట్టమని ఎక్కువసార్లు పురమాయించేదీ ఆయన్నే.

ప్రశ్నపత్రాల సంగతీ ఇలాగే ఉంది. ఏఐసీటీఈ 2018లో పరీక్షల సంస్కరణ మీద విడుదల చేసిన విధానపత్రం బ్లూమ్ స్థాయిలకు పెద్దపీట వేసింది. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం తయారు చేసి, 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ సవరించిన వర్గీకరణ అది. గుర్తుంచుకోవడం అడుగున, విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం, సృష్టించడం పైన. ఇప్పుడు ఎంబీఏ పేపర్లలోనూ ప్రశ్న పక్కన సీఓతోపాటు స్థాయి అంకె కనిపిస్తుంది. ‘మాస్లో, హెర్జ్‌బర్గ్ సిద్ధాంతాలను పోల్చి విశ్లేషించండి’ అన్న ప్రశ్నకు నాలుగో స్థాయి. ఆ పోలిక పట్టిక గైడులో రెండు వరసలుగా అచ్చయి ఉంది. విద్యార్థి దాన్ని బట్టీ పట్టి దించేశాడు. అతను వాడింది మొదటి స్థాయి, ఖాతాలో పడింది నాలుగోది. ఆ జవాబు విద్యార్థికి ముందే కంటబడిందా లేదా అన్నదాన్ని బట్టే స్థాయి తేలుతుంది. ప్రశ్నలోని క్రియాపదాన్ని చూసి దాన్ని పసిగట్టడం కుదరదు.

పరోక్ష కొలతలని మరో బాపతు ఉంది. సెమిస్టరు చివర ఇచ్చే ఫారాలు: ‘ఈ సబ్జెక్టు తర్వాత మీరు సమస్యలను విశ్లేషించగలరా?’ అయిదుకు నాలుగు. చాలాచోట్ల మొత్తం అటైన్‌మెంటులో అయిదో వంతు దీనికి ఇస్తున్నారు. విద్యార్థుల స్వీయ అంచనాల మీద జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి సిట్జ్‌మన్, మరి కొందరు 2010లో పరిశీలించారు. నేర్చుకున్నాననే మాట నిజంగా నేర్చుకున్నదానితో కన్నా కోర్సు నచ్చడంతో, ఉత్సాహంతో ఎక్కువ ముడిపడి ఉందని తేల్చారు. మాస్టారు సరదాగా పాఠం చెబితే నేర్చుకున్నట్టే అనిపిస్తుంది. ఫారం పనికిరాదని దీనర్థం కాదు, అది కొలిచేది వేరే సరుకు.

ఇక అందరూ నమ్మే కొలత జీతం. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ మేనేజ్‌మెంట్ ర్యాంకుల్లో ఉత్తీర్ణుల ఫలితాలకు 20 శాతం బరువుంది. అందులో ఉద్యోగాలు, మధ్యస్థ జీతం ముఖ్యమైనవి. కాలేజీ ఫ్లెక్సీల మీదయితే పూర్తిగా అవే. 2002లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జెఫ్రీ ఫెఫర్, క్రిస్టినా ఫాంగ్ కలిసి రాసిన వ్యాసం ఈ నమ్మకాన్ని గట్టిగానే కుదిపింది. ఎంబీఏ డిగ్రీకి గానీ, అందులో వచ్చిన గ్రేడ్లకు గానీ తర్వాతి వృత్తి జీవితంలోని విజయంతో సంబంధం ఉందనడానికి దొరికిన ఆధారం చాలా తక్కువన్నారు. పేరున్న స్కూలు విద్యార్థికి మంచి జీతం రావడంలో స్కూలు నేర్పిందెంత, గడప తొక్కేనాటికే అతనిలో ఉన్నదెంత? మొదట్లో కొలవనిదే చివర్లో విడదీయడం ఎవరి తరమూ కాదు. మన దగ్గర ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో విశ్లేషణ సామర్థ్యం, గణిత సామర్థ్యం, కమ్యూనికేషన్ అని మూడు విభాగాలు, 200 ప్రశ్నలు. ఆరంభపు కొలతగా పనికొచ్చే సరంజామా చేతిలోనే ఉంది. సీటు ఖరారయ్యాక దాన్ని మళ్లీ తిరగేసే కాలేజీ అరుదు.

మొదటా చివరా రెండుసార్లూ కొలిచిన ఉదాహరణ ఒకటుంది. ఈ విషయం మీద చదవాల్సినవాటిలో దానికే నేను అగ్రతాంబూలం ఇస్తాను. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం. అక్కడి వెదర్‌హెడ్ స్కూల్లో రిచర్డ్ బోయట్జిస్, ఆయన సహచరులు ఎంబీఏలో చేరేటప్పుడూ బయటికి వెళ్లేటప్పుడూ విద్యార్థుల సామర్థ్యాలను పరీక్షలతో, ఇంటర్వ్యూలతో, బృంద చర్చల వీడియోలతో కొలిచారు. పాత పాఠ్యక్రమంలో చదివినవాళ్లకు లెక్కల వైపు, విశ్లేషణ వైపు మెరుగుదల కనిపించింది. మనుషులతో పనిచేయించుకునే సామర్థ్యాల్లో పెద్దగా ఏమీ కనిపించలేదు. 1990లో పాఠ్యక్రమం మార్చి, ప్రతి విద్యార్థీ తన బలాబలాలు అంచనా వేయించుకుని తనకంటూ ఒక ప్రణాళిక రాసుకునే కోర్సును మొదట్లోనే పెట్టారు. ఆ తర్వాతి బ్యాచ్‌లలో ఆ రెండో రకం సామర్థ్యాలూ పెరగడం కొలతల్లో దొరికింది. అంతకుముందే మిల్వాకీలోని ఆల్వెర్నో అనే చిన్న మహిళా కళాశాల 1973 నుంచి సామర్థ్యాల ఆధారంగానే చదువు నడిపి, మార్కుల బదులు పనితీరును పరిశీలించి చెప్పే పద్ధతి పాటించింది. అంటే నాయకత్వం, సంభాషణ లాంటివి కొలతకు అందవన్న మాట పూర్తిగా నిజం కాదు. అందుతాయి, కానీ డబ్బూ ఓపికా ఖర్చవుతాయి.

ఏం కొలవాలన్నదాంట్లోనూ తిరకాసుంది. 2009లో రూబిన్, డియర్‌డార్ఫ్ 373 బిజినెస్ స్కూళ్ల ఎంబీఏ పాఠ్యక్రమాలను, పనిలో ఉన్న మేనేజర్లు తమకు ముఖ్యమని చెప్పినవాటితో పోల్చి చూశారు. మనుషుల్ని నడపడం, నిర్ణయాలు తీసుకోవడం మేనేజర్ల జాబితాలో పైన ఉన్నాయి. తప్పనిసరి సబ్జెక్టుల్లో వాటికి దక్కిన చోటు మాత్రం తక్కువ. పాఠమే లేనిచోట అటైన్‌మెంట్ 2.1 వచ్చిందంటే ఎవరైనా అనుమానపడాలి. హెన్రీ మింట్జ్‌బెర్గ్ 2004లోనే ఇంకో అడుగు ముందుకేసి, పనిచేసిన అనుభవం లేని కుర్రాళ్లకు మేనేజ్‌మెంట్ నేర్పడమే కుదరదని పుస్తకం రాశారు. డిగ్రీ అవగానే ఎంబీఏలో చేరే మన పిల్లలకు ఈ విమర్శ మరింత సూటిగా తగులుతుంది.

గుర్తుండటం మరో సమస్య. బేకన్, స్టీవర్ట్ 2006లో వినియోగదారుల ప్రవర్తన సబ్జెక్టు చదివిన డిగ్రీ విద్యార్థులను కొంతకాలం తర్వాత మళ్లీ పరీక్షించారు. నేర్చుకున్నదాంట్లో చాలా భాగం రెండేళ్లలోపే ఆవిరైపోయింది. సెమిస్టరు ముగిసిన వారంలో తీసే అటైన్‌మెంట్ ఎంత నిలకడైనదో ఊహించుకోవచ్చు.

మరి పనికొచ్చే పద్ధతి ఏదంటే, నా ఓటు రూబ్రిక్‌కే, అంటే ఏ అంశంలో ఏ స్థాయికి ఎంత మార్కో ముందే రాసుకున్న పట్టికకే. దాన్ని ఇద్దరు కలిసి వాడాలి. ఎలాగో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. గుంటూరు మిర్చి వ్యాపారి కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టి, దాని మీద బ్యాంకు అప్పు తీసుకున్నాడు. ధర పడిపోతోంది. ఇప్పుడు అమ్మాలా, ఆగాలా? విద్యార్థి నాలుగు పేజీలు రాశాడు. నిర్వహణ మూలధనం లెక్క సరిగ్గా ఉంది, నిష్పత్తులు సరిగ్గా ఉన్నాయి, వడ్డీ, అద్దె కలిపి క్వింటాలుకు నెలకు ఎంత పడుతుందో కూడా తీశాడు. చివర్లో ‘మార్కెట్ పరిస్థితులను బట్టి తగిన నిర్ణయం తీసుకోవాలి’ అని ముగించాడు. ‘విశ్లేషణ’ అన్న గడిలో ఫైనాన్స్ మేడమ్ నాలుగుకు నాలుగు వేశారు. మార్కెటింగ్ మాస్టారు రెండు వేశారు.

ఇక్కడ మొదలవుతుంది అసలు పని. లెక్కలన్నీ కరెక్టేగా అని ఆమె. ఆ కాగితం చూసి వ్యాపారి రేపు పొద్దున యార్డుకు బస్తాలు పంపాలో వద్దో తేల్చుకోగలడా అని ఈయన. గంటసేపు వాదించుకున్నాక ఆ గడిని రెండుగా చీలుస్తారు. ఒకటి లెక్క సరిగా కట్టడం, రెండోది లెక్క నుంచి నిర్ణయానికి రావడం. మళ్లీ ముప్పై పేపర్లు విడివిడిగా చూసి, ఎన్నింట్లో ఏకీభవించారో లెక్క వేస్తారు. యాదృచ్ఛికంగా కలిసినవాటిని తీసేసి ఏకీభావాన్ని చెప్పడానికి 1960లో జేకబ్ కోహెన్ ఇచ్చిన కప్పా అనే సూచిక ఉండనే ఉంది. మొదటి గడిలో క్లాసు మెరుగ్గా ఉండి రెండో గడిలో దెబ్బతింటే వచ్చే ఏడాది ఏ సబ్జెక్టులో ఏ పాఠం మార్చాలో ఆ ఇద్దరికీ తెలుస్తుంది. 2.1 అన్న అంకె చూస్తే తెలియనిది ఇదే. దీనికి అరవై సబ్జెక్టు ఫైళ్లు అక్కర్లేదు. ఏడాదికి రెండు లక్ష్యాలు, కోర్సు చివర్లో చేయించే ఒక క్యాప్‌స్టోన్ రాతపని, ఇద్దరు ముగ్గురు టీచర్లు చాలు. ఏఏసీఎస్‌బీ స్కూళ్లలో నిలదొక్కుకున్నది, కోర్సులో ఎలాగూ చేయించే పనినే ఇలా మరోసారి మరో కంటితో చూసే పద్ధతి. అక్కడా టీచర్ల సణుగుడు తక్కువేం కాదు. రిపోర్టు రాశాక పాఠంలో నిజంగా మార్పు తెచ్చే దశ చాలా స్కూళ్లలో నీరసంగానే సాగుతోందన్నది అక్కడివాళ్లే ఒప్పుకునే మాట.

అమెరికాలో ఈటీఎస్ నడిపే మేజర్ ఫీల్డ్ టెస్ట్ లాంటి ప్రామాణిక పరీక్షలూ ఉన్నాయి. ఒక స్కూలును మరోదానితో పోల్చుకోవడానికి అవి వీలిస్తాయి. అయితే బహుళైచ్ఛిక ప్రశ్నలతో మిర్చి వ్యాపారికి సలహా చెప్పగలడో లేదో తేలదు.

ప్రాజెక్టు రిపోర్టు ఇవన్నీ ఒక్కచోట చూడగలిగే అవకాశం. దురదృష్టం, మన ఎంబీఏలో అన్నిటికన్నా బోలుగా మారింది అదే. సమ్మర్ ప్రాజెక్టు పేరుతో కొని తెచ్చి, కంపెనీ పేరు మార్చి బైండు చేయించిన రిపోర్టులు ఏళ్ల తరబడి నడుస్తున్నాయని తెలియని గైడు ఉండరు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక కొనే అవసరం కూడా తప్పింది. 2023 జనవరిలో వార్టన్ ప్రొఫెసర్ క్రిస్టియన్ టెర్వీష్ తన ఎంబీఏ ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ పరీక్షను దానితో రాయించి చూశారు. చిన్న చిన్న లెక్కల్లో తప్పులు చేసినా, ‘బి’, ‘బి మైనస్’ మధ్య గ్రేడు ఇవ్వదగిందని తేల్చారు. అది తొలినాటి రూపం. ఇప్పుడు ఇంటి దగ్గర రాసి తెచ్చిన ఏ కాగితం మీదా రూబ్రిక్ పెట్టి నమ్మకంగా మార్కు వేయలేం. అందుకని పాత వైవాకే మళ్లీ విలువ పెరుగుతోంది. ‘రెండో పేజీలో వడ్డీ 11 శాతం తీసుకున్నావు, 13 అయితే నీ నిర్ణయం మారుతుందా?’ అన్న ఒక్క ప్రశ్నతో రిపోర్టు ఎవరిదో తెలిసిపోతుంది. అరవై మందికి తలా పావుగంట అంటే పదిహేను గంటలు. ఇప్పుడు సీఓ షీట్లు నింపడానికి పోతున్న సమయం అంతకన్నా ఎక్కువే.

అనుబంధ కాలేజీల విషయంలో మాత్రం టీచర్ల చేతుల్లో లేనిది ఒకటుంది. జవాబు పత్రాలను స్కాన్ చేసి తెర మీద దిద్దించే యూనివర్సిటీల్లో ప్రతి ప్రశ్నకూ పడిన మార్కు కంప్యూటర్లోకి ఎక్కుతూనే ఉంది. ఫలితాలతోపాటు ఆ పట్టికను కూడా కాలేజీకి పంపడానికి కొత్త సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, కొత్త కమిటీ కూడా అక్కర్లేదు. అది వచ్చేదాకా ఎండ్ సెమ్ నుంచి సీఓ అటైన్‌మెంట్ తీశామని ఫైల్లో రాయడం మానేసి, ఆ గడిని ఖాళీగా వదిలేయడానికి ఎన్‌బీఏ అనుమతించాలి.